సగటు లెక్కకు అందని మనుషులు

బ్యాంకు ఖాతా తెరవాలంటే ఇప్పుడు పాస్‌పోర్టు సైజు ఫొటోలు పట్టుకుని శాఖ చుట్టూ తిరగక్కర్లేదు. ఫోను కెమెరా ముందు ముఖం పెట్టి, తెర మీద అడిగినప్పుడు ఒకసారి కళ్లార్పితే కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు ధ్రువీకరణ, అయిపోతుంది. చాలామందికి అది క్షణాల్లో పని. యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్న ప్రజ్ఞా ప్రసూన్ 2023లో ఖాతా తెరవబోయి ఆ ఒక్క పని దగ్గరే ఆగిపోయారు. కళ్లార్పితే తప్ప ఎదురుగా ఉన్నది ప్రాణమున్న మనిషేనని ధ్రువీకరించడం కుదరదని బ్యాంకువాళ్లు అన్నారు.

ఈ పరీక్ష పెట్టిన ఉద్దేశం మంచిదే. ఇంకొకరి ఫొటోను కెమెరా ముందు పట్టుకుని వాళ్ల పేరున ఖాతా తెరిచే మోసగాళ్లు ఉన్నారు. ఫొటో కళ్లార్పదు, మనిషి ఆర్పుతాడు. అందుకని సాఫ్ట్‌వేర్ ముఖం మీద కొన్ని పదుల బిందువులు గుర్తు పెట్టుకుని, పై రెప్పకూ కింది రెప్పకూ మధ్య ఎడాన్ని కంటి వెడల్పుతో పోలుస్తుంది. ఆ నిష్పత్తి ఒక్క క్షణం పడిపోయి మళ్లీ లేస్తే రెప్ప ఆడినట్టు. లేకపోతే ఫొటో కిందే జమ. బ్యాంకుల భాషలో దీన్ని లైవ్‌నెస్ చెక్ అంటారు.

కనురెప్పలు కాలిపోయినవారు, ముఖ పక్షవాతంతో రెప్ప కదలనివారు ఈ నిష్పత్తికి దొరకరు. చూపు లేనివారి ఇబ్బంది మరో రకం. వాళ్లు రెప్ప ఆడించగలరు గానీ, తెర మీది వలయంలోకి ముఖం తెచ్చుకోమంటే ఆ వలయం ఎటువైపుందో చెప్పే గొంతు ఉండదు. చదవమన్న అంకెలు, తెర మీది రాతను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేని బొమ్మ రూపంలో వస్తాయి. పోనీ రెప్ప బదులు తల తిప్పమందామా అంటే మెడ బిగుసుకుపోయినవారు ఆగిపోతారు. అంకెలు పైకి చదవమందామా అంటే మాట రానివారు మిగిలిపోతారు. ఏ ఒక్క పరీక్ష పెట్టినా ఎవరో ఒకరు గడప బయటే ఉంటారు. కాబట్టి పరీక్ష ఎంత కచ్చితంగా పనిచేస్తోందన్న దానికంటే, అందులో తప్పినవాళ్లకు రెండో దారి ఉందా, ఆ దారి చివర నిర్ణయం తీసుకోగల మనిషి కూర్చుని ఉన్నాడా అన్నదే ముందు అడగాల్సిన మాట.

ప్రజ్ఞ, మరికొందరు కలిసి వేసిన పిటిషన్‌ను, చూపు పూర్తిగా లేని న్యాయవాది అమర్ జైన్ పిటిషన్‌తో కలిపి విచారించిన సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ జె.బి. పార్దీవాలా, జస్టిస్ ఆర్. మహదేవన్ ధర్మాసనం చెప్పి, 20 ఆదేశాలు జారీ చేసింది. హక్కు గురించిన మాట గొప్పదే. రోజువారీ బతుక్కి అంతకన్నా పనికొచ్చే మాట ఆ ఆదేశాల మధ్యలో ఉంది: వైకల్యం వల్ల కేవైసీ తిరస్కరణకు గురైతే ఆ దరఖాస్తును ఒక మనిషి మళ్లీ చూడాలి, యంత్రం కాదన్నదాన్ని తోసిపుచ్చి ఆమోదించే అధికారం ఆ అధికారికి ఉండాలి. రెప్పపాటుకు బదులు వేరే పద్ధతులూ ఉండాలని, కాగితాల మీద చేసే కేవైసీ కొనసాగాలని, సేవలను పరీక్షించే దశలో అంధులను కూడా కూర్చోబెట్టాలని కూడా చెప్పింది. ఆ ఆగస్టులో రిజర్వు బ్యాంకు తన నిబంధనలు సవరించి, లైవ్‌నెస్ పరీక్ష పేరుతో ప్రత్యేక అవసరాలున్నవారిని దూరం పెట్టకూడదని రాసింది.

ఇంకా డేటా పోస్తే సరిపోతుందా?

కృత్రిమ మేధ తప్పు చేసిందనగానే వినబడే జవాబు ఒకటుంది: డేటా చాల్లేదు, ఇంకా పోద్దాం. చాలా సందర్భాల్లో అది నిజమే. నల్లటి చర్మం ఉన్న ముఖాలను గుర్తుపట్టలేని యంత్రానికి అలాంటి ముఖాలు మరిన్ని చూపిస్తే మెరుగుపడుతుంది. వైకల్యం దగ్గరికొచ్చేసరికి ఈ మందు సగమే పనిచేస్తుంది.

కెనడాలోని ఓక్యాడ్ విశ్వవిద్యాలయంలో సమ్మిళిత డిజైన్ పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పిన జుట్టా ట్రెవిరానస్ చెప్పే ఉదంతం ఈ రంగంలో అందరికీ తెలిసిందే. డ్రైవర్ లేని కార్లను నడిపే నమూనాలకు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే సాఫ్ట్‌వేర్‌లకు, ఆమె కంప్యూటర్‌లోనే ఒక పరీక్ష పెట్టారు. వీల్‌చైర్‌లో కూర్చుని, పాదాలతో నేలను తన్నుకుంటూ వెనక్కి వెళ్లే ఒక స్నేహితురాలి కదలికను వాటికి చూపించారు. కూడలిలో ఆ మనిషి కనబడితే బండి ఆగాలి. ఆగకుండా మీదికి వెళ్లింది. సరే, ఇంకా పసికందు నమూనా, వీల్‌చైర్ల దృశ్యాలు మరిన్ని నేర్పాక చూద్దామనుకున్నారు. నేర్పాక మళ్లీ పరీక్షిస్తే ఈసారి మరింత ధీమాగా మీదికి వెళ్లింది. ఎందుకంటే కొత్తగా నేర్చుకున్న దృశ్యాల్లో వీల్‌చైర్లన్నీ ముందుకే వెళ్తున్నాయి. కాబట్టి ఈ మనిషి కూడా ముందుకే, అంటే కారు దారిలోంచి తప్పుకునే దిక్కుకే, వెళ్తుందని లెక్క కట్టింది.

ఈ నమూనాలు పనిచేసే తీరే అది. లక్షల ఉదాహరణల్లో ఎక్కువసార్లు కనబడిన పోలికను పట్టుకుని, దానికి దూరంగా ఉన్నదాన్ని పొరపాటుగానో చెత్తగానో పక్కన పడేస్తాయి. మన 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో ఉన్నవి 7. అయితే ఒకే రకం కింద నమోదైన ఇద్దరు కూడా ఒకేలా ఉండరు. మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒకరు మామూలుగా మాట్లాడతారు గానీ నడవలేరు. మరొకరు నడుస్తారు గానీ మాట్లాడలేరు. అందరినీ ఒక గుంపుగా చేసి డేటాలో వాటా పెంచడం కుదిరే పని కాదు, గుంపే లేదు కనుక. పైగా తమ వైకల్యం గురించి చెప్పుకుంటే ఉద్యోగం పోతుందేమో, బీమా రాదేమో అని దాచుకునేవాళ్ల సంఖ్య తక్కువేం కాదు. దాచుకున్నది ఏ డేటాలోకీ ఎక్కదు.

డేటాలోకి ఎక్కినదైనా ఎలా ఎక్కిందన్నది ఇంకో గొడవ. ఆన్‌లైన్ వ్యాఖ్యల్లో దూషణను పసిగట్టే ఒక సాధనాన్ని గూగుల్ పరిశోధకులు 2020లో పరీక్షించారు. ‘నేను పొడుగు మనిషిని’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిష్ వాక్యానికి అది 0.03 దూషణ మార్కులు వేసింది. ‘నేను అంధుణ్ని’ అంటే 0.39. ‘నేను మానసిక వ్యాధి ఉన్న మనిషిని’ అంటే 0.62. తన గురించి తాను చెప్పుకోవడమే తిట్టు కింద లెక్కయింది. కారణం వెతికితే, నేర్చుకోవడానికి ఇచ్చిన రాతల్లో మానసిక వ్యాధి ప్రస్తావన తుపాకీ హింస, మాదకద్రవ్యాలు, నిరాశ్రయుల కబుర్ల పక్కనే వస్తోంది. సాఫ్ట్‌వేర్‌కు పగ లేదు. సమాజం రాసుకున్నదే తిరిగి అప్పజెప్పింది.

ఉద్యోగాల వడపోతలోనూ అంతే. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ఓపెన్ఏఐ కంపెనీ కృత్రిమ మేధ జీపీటీ-4 ముందు ఒకే మనిషి రెజ్యూమెలు పెట్టారు. ఒకదానిలో వైకల్యానికి సంబంధించిన అవార్డు, స్కాలర్‌షిప్ లాంటివి అదనంగా ఉన్నాయి, అంటే అది రెండోదానికన్నా బలమైన రెజ్యూమె. అయినా దాన్ని మొదటి స్థానంలో పెట్టింది సుమారు పావు వంతు సార్లే. ఆటిజం నాయకత్వ అవార్డు ఉన్న రెజ్యూమెలో నాయకత్వం మీద శ్రద్ధ తక్కువని రాసింది! అంగవైకల్యం పట్ల వివక్ష చూపవద్దని ముందే విడమరిచి చెప్పాక కొంత సర్దుకుంది, అన్ని రకాల వైకల్యాల విషయంలో మాత్రం కాదు. వీడియో ఇంటర్వ్యూలో ముఖ కవళికలు చూసి మార్కులు వేసే పద్ధతిని మానుకున్నట్టు హైర్‌వ్యూ అనే అమెరికన్ కంపెనీ 2021 ఆరంభంలో ప్రకటించింది. కార్యాలయాల్లో, బడుల్లో మనుషుల భావోద్వేగాలను యంత్రంతో కొలవడాన్ని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి దాదాపుగా నిషేధించింది.

గంటలు కోసేసిన లెక్క

అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో మంచానికి పరిమితమైనవారికి ప్రభుత్వ ఖర్చుతో ఇంటికి సహాయకులు వస్తారు. వారానికి ఎన్ని గంటలన్నది ఒకప్పుడు నర్సు వచ్చి చూసి నిర్ణయించేది. 2016లో ఆ నిర్ణయాన్ని ఒక అల్గారిథమ్‌కు అప్పజెప్పారు. నర్సు ప్రశ్నలు అడిగి జవాబులు నింపుతుంది, గంటలు కంప్యూటర్ చెబుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక మహిళకు వారానికి 56 గంటలుగా ఉన్న సాయం 32కు పడిపోయింది. ఆమె పరిస్థితిలో మార్పేమీ లేదు. ఎందుకు తగ్గిందని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు. ఇంటికొచ్చిన నర్సుకూ తెలియదు. వ్యవహారం కోర్టుకెక్కాకే సెరిబ్రల్ పాల్సీని లెక్కలోకి తీసుకునే చోట సాఫ్ట్‌వేర్‌లో పొరపాటు ఉందని బయటపడింది. ప్రజలకు సరిగ్గా తెలియజేయకుండా ఈ పద్ధతి తెచ్చారంటూ 2018లో కోర్టు దాన్ని చెల్లదని తేల్చింది.

మన దగ్గర ఇంతకన్నా సాదా లెక్కలే ఇంత పని చేయగలవు. ఆంధ్రప్రదేశ్‌లో పలు సంక్షేమ పథకాలకు ఇంటి కరెంటు వాడకం నెలకు 300 యూనిట్లు దాటకూడదన్న షరతు ఉంటోంది. ఇందులో కృత్రిమ మేధ ఏమీ లేదు, పేదరికానికి పెట్టుకున్న కొండగుర్తు మాత్రమే. ఇంట్లో ఊపిరితిత్తులు పాడైన మనిషికి ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ రాత్రింబవళ్లు నడుస్తోందనుకోండి. 300 నుంచి 350 వాట్లు తీసుకునే ఆ యంత్రం ఒక్కటే నెలకు 220 నుంచి 250 యూనిట్లు తాగుతుంది. ఫ్యాను, ఫ్రిజ్ కలిపితే గీత దాటేస్తుంది. మీటరు రీడింగుకు ఏసీకీ ఆక్సిజన్‌కూ తేడా తెలియదు. తెలంగాణలో సమగ్ర వేదిక పేరుతో వేర్వేరు శాఖల రికార్డులను కలిపి అర్హులను వడపోసే పద్ధతి నడిచింది. రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయికి వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. ఇలాంటి కొండగుర్తుల మీదే రేపు నేర్చుకునే యంత్రాన్ని పెడితే, కార్డు ఎందుకు పోయిందో చెప్పడానికి షరతు నంబరు కూడా మిగలదు.

వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు తేల్చే సదరం శిబిరాల మీద ఫిర్యాదులు ఎన్నయినా ఉండొచ్చు. 40 శాతం వస్తే పింఛను, రిజర్వేషన్, 39 వస్తే ఏమీ లేదన్న కర్కశత్వమూ ఉంది. కానీ అక్కడ ఎదురుగా ఒక డాక్టరు ఉంటాడు, ఆయనతో వాదించవచ్చు, పైకి అప్పీలు చేసుకోవచ్చు.

కళ్లుగా మారిన ఫోను

ఇదంతా చదివి కృత్రిమ మేధ వికలాంగులకు శత్రువనుకుంటే అంతకన్నా పొరపాటు ఉండదు. చూపు లేనివారి చేతిలో గత కొన్నేళ్లలో వచ్చిన మార్పు మామూలుది కాదు. డెన్మార్క్‌లో, చూపు మందగించిన హాన్స్ యోర్గన్ వీబర్గ్ ఆలోచనతో 2015లో మొదలైన ‘బీ మై ఐస్’ యాప్‌లో అంధులు వీడియో కాల్ చేస్తే ఎక్కడో ఉన్న ఒక వలంటీరు ‘పాల ప్యాకెట్టు మీద తేదీ ఇదీ’ అని చదివి పెట్టేవారు. 2023లో జీపీటీ-4 దానికి తోడయ్యాక ఆ ఫొటోను యంత్రమే వివరిస్తోంది. పెళ్లి ఫొటోలో ఎవరు ఏ రంగు చీర కట్టుకున్నారో, వాట్సాప్‌లో వచ్చిన బొమ్మలో జోకేమిటో ఎవరినీ బతిమాలుకోకుండా తెలుసుకోవచ్చు. ఎదుటివాళ్ల తీరిక కోసం ఎదురుచూడక్కర్లేకపోవడం చూపున్నవాళ్లకు అంత తేలిగ్గా అర్థమయ్యే సుఖం కాదు.

చిక్కు మరోచోట ఉంది. యంత్రం తెలియనప్పుడు తెలియదనదు, నమ్మబలుకుతుంది. మందు గోళీల షీటు మీద తేదీ నలిగిపోయి ఉంటే ఏదో ఒక తేదీ గడగడా చెప్పేయవచ్చు. చూపున్నవాడు ఒక్క చూపుతో ఆ అబద్ధం పట్టుకుంటాడు. ఎవరి కోసం ఈ సాధనం తయారైందో వాళ్లకే దాన్ని సరిచూసుకునే మార్గం లేదు. ఇలాంటి చోట ‘ఇక్కడ అక్షరాలు స్పష్టంగా లేవు, ఇంకో ఫొటో తీయండి’ అనడం నేర్పడమే అన్నిటికన్నా పెద్ద సౌకర్యం. అందమైన వర్ణనలు ఆ తర్వాత.

ముఖాల సంగతి మరీ విచిత్రం. 2023లో ఈ సేవ కొత్తగా వచ్చినప్పుడు, గోప్యత దృష్ట్యా మనుషుల ముఖాల వర్ణనను ఓపెన్ఏఐ ఆపేసింది. భయం అర్థం చేసుకోదగినదే. అయితే ఎదుటివాడు నవ్వుతున్నాడో చిరాకుపడుతున్నాడో చూడటం కళ్లున్న ప్రతివాడూ అడక్కుండా చేసే పని. అది అంధుల చేతికి వచ్చేసరికి గోప్యత ఉల్లంఘన ఎందుకయిందని వాడకందార్లు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

తెలుగులో ఇంకో పాత రోగం ఉంది. అను ఫాంట్ల కాలంలో తయారైన పీడీఎఫ్‌లు చూడటానికి చక్కటి తెలుగే. లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు, వాటి మీద తెలుగు రూపాలు తొడిగారంతే. ఎన్వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ వాటిని చదివితే అర్థంపర్థం లేని ఇంగ్లిష్ ముక్కలు వినబడతాయి. ఇక స్కాన్ చేసి పెట్టిన ప్రకటనలైతే ఏ శబ్దమూ రాదు. ఇప్పుడు ఏఐ ఆ పేజీని బొమ్మగా చూసి, అక్షరాలు గుర్తుపట్టి, తెలుగులో చదివి వినిపిస్తోంది. సంతోషమే. కానీ ఆ కాగితాన్ని మొదటే తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలున్న యూనికోడ్‌లో టైపు చేసి ఉంటే ఇంత ఖరీదైన తెలివి అవసరమే ఉండేది కాదు. అడ్డుగోడ కట్టేవాళ్లు కడుతూనే ఉంటే, దూకే నిచ్చెనలు అమ్మేవాళ్లకు గిరాకీ తగ్గదు.

ఆ అమ్మకాల్లో నిజం ఎంతో 2025 జనవరిలో ఒకసారి తేలింది. వెబ్‌సైటులో ఒక్క లైను కోడు చేరిస్తే కృత్రిమ మేధతో దాన్ని వికలాంగులకు అనువుగా మార్చేస్తామని ప్రచారం చేసుకున్న యాక్సెసిబీ అనే కంపెనీ నుంచి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 10 లక్షల డాలర్లు కట్టించుకుంది. ఆ మాటలు నిరూపించుకోలేకపోయారన్నది అభియోగం. ఇలాంటి బాపతే సైగల భాషను మాటలుగా మార్చే చేతి తొడుగులు. ఏటా ఏదో ఒక ఇంజినీరింగ్ కాలేజీ నుంచి అవి వార్తల్లోకి వస్తుంటాయి. సైగల భాషలో సగం వ్యాకరణం ముఖంలో, కనుబొమల్లో, భుజాల్లో ఉంటుంది. తొడుగుకు తెలిసేది వేళ్ల వంపు. ఢిల్లీలోని భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు చేరింది. నిఘంటువు పదాలు వరసగా పేర్చితే భాష అయిపోదని ఏ తెలుగువాడికీ చెప్పక్కర్లేదు. ఆ తొడుగు కావాలా అని బధిరులను ముందు అడిగి ఉంటే చాలా ప్రాజెక్టులు మొదలయ్యేవే కావు.

చట్టాల కొరత లేదు. సమాచార సాంకేతిక ఉత్పత్తులు, సేవల సౌలభ్యానికి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉంది, అది 2023లో వికలాంగుల హక్కుల నియమాల్లోకి కూడా చేరింది. సౌలభ్య ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలవు, కొన్నయినా తప్పనిసరి కావాలని రాజీవ్ రటూరీ కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయ వికలాంగ అధ్యయన కేంద్రం తయారుచేసిందే. ఈ ప్రమాణాలు బటన్లకు పేర్లున్నాయా, బొమ్మలకు వివరణ ఉందా అని చూస్తాయి. లోపలి నమూనా ఎవరిని తప్పుగా లెక్కగడుతోందో వాటికి అందదు. కెనడాలో సౌలభ్య ప్రమాణాల సంస్థ కృత్రిమ మేధ కోసమే విడిగా ఒక ప్రమాణం రూపొందించింది. సగటు కచ్చితత్వం బాగుందని సరిపెట్టుకోకుండా, అంచుల్లో ఉన్నవారికి ఏం జరుగుతోందో విడిగా చూడాలన్నది ఆ ఆలోచనలోని సారం. మన టెండరు పత్రాల్లో ‘95 శాతం కచ్చితత్వం’ అని రాసేచోట ఆ మిగిలిన 5 శాతంలో ఎవరున్నారో చెప్పాలన్న షరతు ఒకటి చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొనే శాఖకు పట్టింపు ఉంటే చాలు.

నత్తి మాటను వినే యంత్రం

టైపు చేయలేని చేతులకు గొంతే కీబోర్డు. కానీ మాటను రాతగా మార్చే యంత్రాలకు ఎదుటివాళ్లు మాట ముగించారని తెలిసేది నిశ్శబ్దాన్ని బట్టే. ఇంతసేపు శబ్దం రాకపోతే వాక్యం అయిపోయినట్టేనని వాటిలో ఒక హద్దు ఉంటుంది. నత్తి ఉన్న మనిషి అక్షరం దగ్గర ఆగగానే అవి మాట కోసేస్తాయి. ఇంకొన్ని ఆగవు, ఖాళీని సొంత మాటలతో నింపేస్తాయి. ఓపెన్ఏఐ తయారుచేసిన, మాటను రాతగా మార్చే విస్పర్ మీద 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో సుమారు 1 శాతం ధ్వని ముక్కల్లో ఎవరూ అనని వాక్యాలు ప్రత్యక్షమయ్యాయి. పక్షవాతం లాంటి వాటి వల్ల మాట తడబడే అఫేసియా బాధితుల విషయంలో ఆ బెడద ఇంకా ఎక్కువ. వారి మాటల్లో విరామాలు ఎక్కువ కావడమే అందుకు కారణమై ఉంటుందని పరిశోధకులు భావించారు. డాక్టరుతో సంభాషణను యంత్రం రాసుకునే ఆసుపత్రిలో, రోగి అనని లక్షణం కేసు షీటులోకి ఎక్కితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

ఇంగ్లిష్‌లో దీనికి మందు తయారవుతోంది. గూగుల్ 2019లో యుఫోనియా పేరుతో అస్పష్ట ఉచ్చారణల సేకరణ ప్రకటించింది. 2022లో ఇలినాయ్ విశ్వవిద్యాలయం అమెజాన్, యాపిల్, గూగుల్, మెటా, మైక్రోసాఫ్ట్‌ల మద్దతుతో ఇలాంటిదే పెద్ద ఎత్తున మొదలుపెట్టింది. ఇక్కడ డేటా నిజంగానే పనిచేస్తుంది, ఎందుకంటే కొద్దిపాటి రికార్డింగులతో యంత్రాన్ని ఒక్కో మనిషి గొంతుకు విడిగా సర్దుకునేలా చేయవచ్చు. అందరినీ ఒక సగటులో కలిపేయక్కర్లేదు. తమిళంలో చెన్నైలోని ఎస్ఎస్ఎన్ కళాశాల పరిశోధకులు చిన్నదే అయినా ఒక సేకరణ చేశారు.

తెలుగు మాటల సేకరణ ఐఐఐటీ హైదరాబాద్‌లో జరిగింది, కేంద్రం 2022లో తెచ్చిన భారతీయ భాషల అనువాద వేదిక భాషిణి కింద తెలుగు కూడా ఉంది. శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస ఎక్కించాలన్న స్పృహ వచ్చింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడి తెలుగు, పుట్టు చెవుడున్న అమ్మాయి తెలుగు, పక్షవాతం తర్వాత పెద్దాయన కూడబలుక్కునే తెలుగు కూడా యాసలేనని అనుకోవడం తర్వాతి మెట్టు. దానికి కావలసిన సంస్థలు ఇక్కడే ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఉంది, అక్కడే అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఉంది. వీటికి వచ్చే కుటుంబాలను అడిగి, వారు ఒప్పుకుంటేనే రికార్డు చేసి, ఆ గంటలకు కూలి కట్టిచ్చి, వద్దన్న రోజున తీసేసే షరతుతో మొదలుపెట్టాలి. ఒక్కొక్కరి దగ్గర మొదట వంద వాక్యాలు చాలు: అన్నం పెట్టు, లైటు వెయ్యి, పక్కకు తిప్పు, అమ్మకు ఫోన్ చెయ్యి, నొప్పిగా ఉంది.